కనిపించాలి, వినపడకూడదు

1872 నాటి భారత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్ కింద ఉదాహరణలుగా బుల్లి కథలు కొన్ని ఉన్నాయి. ఒక కక్షిదారు తన వకీలు దగ్గరికొచ్చి, నేను దొంగ దస్తావేజు పుట్టించిన మాట నిజమే, నా తరఫున వాదించండి అంటాడు. ఆ మాట వకీలు ఎక్కడా బయటపెట్టకూడదు. ఇంకొకడొచ్చి, ఈ దొంగ దస్తావేజు చూపించి ఫలానా ఆస్తి రాబట్టాలి, దావా వెయ్యండి అంటాడు. ఆ మాటకి రక్షణ లేదు. జరిగిపోయిన తప్పు చెప్పుకుంటే గుట్టుగా ఉంటుంది, జరగబోయే తప్పుకి సాయం అడిగితే ఉండదు. ఈ చట్టాన్ని రాసిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ ఎంత జాగ్రత్తపరుడైనా ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. కక్షిదారు ఆ మాట అన్నప్పుడు ఏ గదిలో ఉన్నాడు? పక్కన ఎవరున్నారు? తలుపు వేసి ఉందా?

ఆయన ఊళ్ళో ఆ ప్రశ్న రాదు. లండన్‌లో బారిస్టర్లకి ఇన్‌లు అనే ప్రాంగణాలున్నాయి. లింకన్స్ ఇన్ చిట్టాపుస్తకాలు 1422 నుంచి ఉన్నాయంటే ఆ ఏర్పాటు ఎంత పాతదో చూడండి. రాతి మెట్లు, మెట్ల పక్కన గోడ మీద వరసగా రాసిన పేర్లు, పైన ఒక్కొక్కరికీ గది. ఆ గదులకే చేంబర్లని పేరు. మామూలుగా కక్షిదారు అక్కడికి నేరుగా పోడు. ముందు సొలిసిటర్ దగ్గరికి పోతాడు, సొలిసిటర్ కాగితాలు కట్టి బారిస్టరు దగ్గరికి తెస్తాడు. రాత ఒక చోట, వాదన ఒక చోట. జనం తాకిడి రాత దగ్గరే ఆగిపోతుంది. బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టుల చుట్టూ ఈ పద్ధతే కొంత మారి వచ్చింది. అటార్నీ కంపెనీలు వెలిశాయి. బొంబాయిలో క్రాఫర్డ్ బేలీ 1830లో, లిటిల్ అండ్ కంపెనీ 1856లో, మద్రాసులో కింగ్ అండ్ పార్ట్రిడ్జ్ 1908లో పుట్టాయి.

మన తాలూకా ఊళ్ళకి ఆ వైభోగం అందలేదు. జిల్లా మున్సిఫు కోర్టున్న ఊళ్ళో దావా కాగితం రాసేదీ వకీలే, నిలబడి వాదించేదీ వకీలే, ఫీజు బేరమాడేదీ ఆయనే. ఆయనకి ఆఫీసంటే ఇల్లే.

తెనాలి, రేపల్లె, బాపట్ల ఊళ్ళలో ప్లీడర్లు అంతమంది ఎందుకయ్యారని అడిగితే సమాధానం కాలవగట్టు మీద దొరుకుతుంది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. పశ్చిమ డెల్టా కాలవలు ఇటు నీళ్ళు తెచ్చాయి. మెట్ట చేను మాగాణి అయింది. మాగాణి అయ్యాక గట్టుకి విలువొచ్చింది, బోదెకి విలువొచ్చింది, చేలోకి పోయే బండిదారికి విలువొచ్చింది. పిల్లలు లేనివాళ్ళ దత్తతకి మరీ విలువొచ్చింది. జానెడు గట్టు జరిపాడని అన్న మీద తమ్ముడు దావా. పంట మీద అప్పు, అప్పుకి ప్రోనోటు, ప్రోనోటు మూడేళ్ళ గడువు దాటకముందే ఇంకో దావా. 1916లో తెనాలి నుంచి రేపల్లెకి రైలు కూడా పడింది. రేపల్లె దగ్గరి నగరం అనే ఊరి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు రేపల్లె చేరడం, అక్కణ్ణించి పెద్ద కోర్టు పనుంటే తెనాలి, గుంటూరు పోవడం తేలికైంది. వాయిదా రోజున పొద్దున్నే వచ్చి ప్లీడరుగారి అరుగెక్కి, ఆయన కోర్టుకి బయల్దేరేలోగా తన సంగతి నాలుగు ముక్కలు చెవిన వెయ్యాలి.

ఆ ఇంటికి మూడు పొరలు. అరుగు, ముందుగది, నట్టిల్లు.

అరుగు మీద బెంచీ. అక్కడ కూర్చున్నవాడు ప్లీడరుకి చెప్పాల్సిందంతా ముందు పక్కవాడికి చెప్పేస్తాడు. చట్టం ఎంత కాపలా కాసినా ఈ పొరలో చేసేదేమీ లేదు. ముందుగదిలో గోడలకి చెక్క బీరువాలు, వాటిలో తోలు అట్టల లా రిపోర్టులు. 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్ సంపుటాలు వరసగా ఉన్నాయంటే తండ్రి తాతల నుంచి వస్తున్న ప్రాక్టీసని లెక్క. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద దారం కట్టిన కేసు కట్టలు. గుమ్మం పక్కన గుమస్తా వాలుబల్ల. ఈ గదిలో ఒక్కసారే ముగ్గురు నలుగురు పార్టీలు ఉంటారు. ఒకడి ప్లెయింటు చదువుతుంటే ఇంకొకడు చెవి ఒగ్గి వింటాడు. తన కేసు కాకపోయినా సలహా ఇస్తాడు. ఇక నట్టింట్లోకి పార్టీలు రారు. ఎవరో ఒకరిద్దరు తప్ప.

ఆ ఒకరిద్దరిలో ఆడవాళ్ళే ఎక్కువ. మొగుడు పోయాక మరుదులు భూమిలో వాటా ఇవ్వని మనిషి వచ్చిందనుకోండి. అరుగు మీద ఆ ఊరి మోతుబరులే ఇద్దరు కూర్చుని ఉంటారు. గుమస్తా ఒక్క చూపు చూసి, "అమ్మా, మీ కట్ట లోపలుంది. పంతులుగారు స్నానం చేసి వస్తారు, ఈలోపు అమ్మగారి దగ్గర కూర్చోండి" అని పంపేస్తాడు. అమ్మగారు మంచినీళ్ళిచ్చి పీట వేస్తుంది. సగం కథ ఆవిడే వింటుంది. ప్లీడరుగారు తడితల తుడుచుకుంటూ వచ్చి మిగతా సగం వింటారు. ఆ నట్టిల్లే ఆ విధవరాలి పాలిట చేంబరు. నా లెక్కలో లింకన్స్ ఇన్ గది కంటే అది ఏమంత తక్కువది కాదు. దానికి గోడలే కాదు, గుమస్తా బుద్ధి కూడా అడ్డుగా నిలబడింది.

మగవాళ్ళకైతే ఉపాయం వేరు. "బాబాయ్, ఒక్క నిమిషం అలా వెళ్ళి కాఫీ తాగి రాండి" అని మిగతావాళ్ళని లేపేవాడు గుమస్తా. ఎవర్ని లేపాలి, ఎవర్ని ఉంచాలి, అవతలి పక్షం తాలూకు చుట్టం ఎవడు, ఊరికే వచ్చి కూర్చున్న వేగులవాడు ఎవడు అన్నది ఆయనకి తెలిసినంత ప్లీడరుకి కూడా తెలియదు. కేసుల్లో ఏముందో తెలిసిన రెండో మనిషి ఆయనే. జీతం తక్కువ, పార్టీ ఇచ్చే గుమస్తా ఫీజు మీదే సంసారం. అలాంటి మనిషి నోరు జారితే ఏం చెయ్యాలి? సాక్ష్య చట్టం 127వ సెక్షన్ దీనికే పుట్టింది. వకీలుకి ఉన్న కట్టుబాటే ఆయన దగ్గరుండే దుబాసీలకీ, గుమస్తాలకీ, నౌకర్లకీ ఉంటుందంది. గోడల గురించి మాట్లాడని చట్టం మనుషుల గురించి మాత్రం బాగానే ఆలోచించింది.

ఇలా పెద్దరికం మోసిన గుమస్తాకి బదులుగా ఏం దక్కిందంటే చెప్పుకోదగ్గదేం లేదు. కేరళ నుంచి వచ్చిన వి. శశిధరన్ కేసులో 1984లో సుప్రీంకోర్టు, న్యాయవాదుల ఆఫీసు అక్కడి దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం కిందకి రాదని తేల్చింది. వకీలు వృత్తి వ్యాపారం కాదు కాబట్టి ఆఫీసు కూడా వ్యాపార సంస్థ కాదు. వృత్తికి అది గౌరవమే. అందులో పనిచేసే గుమస్తాకి మాత్రం దుకాణంలో గుమస్తాకుండే చట్టం కూడా అండగా లేకుండా పోయింది.

వకీలు ఇల్లు ఊరికి చావడిలాంటిదన్న సంగతి మన సాహిత్యానికి ముందునుంచీ తెలుసు. కన్యాశుల్కం చివరికొచ్చేసరికి కథంతా సౌజన్యారావు పంతులు చుట్టూ తిరుగుతుంది. ఆయన వకీలు. ఎవరు పడితే వాళ్ళు ఆయన గది దాకా రాగలరు. మధురవాణి మగవేషంలో వచ్చి ఒంటరిగా మాట్లాడగలిగింది కాబట్టే ఆ నాటకం ఆ మలుపు తిరిగింది. గురజాడ ఆ గది తలుపు గట్టిగా వేసి, బయట పాసులు చూసే మనిషిని కూర్చోబెట్టి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది.

రాజకీయాలకి కూడా ఆ ముందుగదే పురిటిగది. 1913 మే నెలలో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు బయ్యా నరసింహేశ్వర శర్మ, విశాఖపట్నం వకీలు. మరుసటి ఏడు బెజవాడ సభకి అధ్యక్షుడు న్యాపతి సుబ్బారావు పంతులు, రాజమండ్రి వకీలు. ఆంధ్రోద్యమంలో ముందు నిలిచినవాళ్ళలో నల్లకోటు వేసుకున్నవాళ్ళే చాలామంది. పొద్దున పార్టీలు కూర్చున్న బెంచీ మీదే సాయంత్రం ప్రత్యేక రాష్ట్రం గురించి చర్చ నడిచేది. తెనాలికొస్తే త్రిపురనేని రామస్వామి చౌదరి కనిపిస్తాడు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివొచ్చాడు. తెనాలిలో స్థిరపడి, పురపాలక సంఘానికి అధ్యక్షుడై, ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నాడు. జనం ఆయన్ని కవిరాజుగానే గుర్తుపెట్టుకున్నారు. వృత్తికీ, కవిత్వానికీ, ఊరి రాజకీయానికీ మధ్య గోడ కట్టాలని ఆ తరంవాళ్ళకి తోచనే లేదు.

తరవాత ముందుగదిలోకి రెండు కొత్త వస్తువులొచ్చాయి. ఒకటి టైపు మిషను. దాన్ని గోప్యత కోసం ఎవరూ కొనలేదు, కాపీలు తీసే బాధ తప్పుతుందని కొన్నారు. కానీ అది టకటకా మోగుతున్నంతసేపూ అవతలి మాట వినపడదు. పైన ఫ్యాను కూడా గిర్రున తిరుగుతుంటే సరేసరి. తెలిసిన ప్లీడర్లు అసలు మాట టైపు నడుస్తున్నప్పుడే అడిగేవారు. ఇవాళ పెద్ద నగరాల్లో కంపెనీలు సీలింగులో చిన్న స్పీకర్లు పెట్టించి, ఏసీ హోరులాంటి సన్నని శబ్దాన్ని ఎడతెగకుండా వదిలి పక్క బల్ల మాటలు అర్థం కాకుండా చేస్తున్నాయి. సౌండ్ మాస్కింగ్ అని దాని పేరు. డబ్బిచ్చి కొంటున్న ఆ హోరు మన ముందుగదుల్లో ఊరికే వచ్చింది.

రెండోది స్ప్రింగు తలుపులు. నట్టింటికీ ముందుగదికీ మధ్యనో, ముందుగదిని చెక్కలతో రెండుగా చీల్చిన చోటనో రెండు పొట్టి రెక్కలు. మోకాళ్ళ దగ్గర మొదలై భుజాల దాకా వచ్చి ఆగిపోతాయి. లోపల ఎవరో ఉన్నారని కాళ్ళు చూస్తే తెలుస్తుంది. నిలబడ్డవాడి తల కూడా పైనుంచి కనిపిస్తుంది. ఏం కాగితం చూపిస్తున్నాడో మాత్రం కనిపించదు. మాటలు వింటామంటే ఒక్క ముక్క పోకుండా వినపడతాయి. దాచాల్సిన చెవిని వదిలేసి, దాచక్కర్లేని కంటిని మూసిన తలుపు అది. అయినా తెలుగునాట యాభై అరవై ఏళ్ళ పాటు లాయరు ఆఫీసుకీ, డాక్టరు గదికీ, బ్యాంకు మేనేజరు గదికీ అదే గుర్తు. ఆ రెక్కలు తోసుకుని లోపలికి పోతే మన పని పెద్దదని ఒక భరోసా. గోప్యత మాట అటుంచి, హోదా మాత్రం బాగానే తెలిసేది.

వీధిలోకి చూపించే హోదాకి మాత్రం కళ్ళెం ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ప్రకారం న్యాయవాది ప్రకటనలు చేసుకోకూడదు. బోర్డు కూడా మితమైన సైజులోనే ఉండాలి. ఫలానా సంఘానికి అధ్యక్షుణ్ణని, ఒకప్పుడు జడ్జీగా చేశానని దాని మీద రాయకూడదు. అందుకే ఏ ఊళ్ళో చూసినా నల్లపలక, తెల్ల అక్షరాలు, పేరు, డిగ్రీ. ఇంత బీదగా కనిపించే బోర్డు ఇంకే వృత్తికీ లేదు.

అప్పీలు పడితే మద్రాసు. మద్రాసులో తెలుగు వకీళ్ళ ఆఫీసులు కూడా ఇళ్ళే, కాకపోతే పెద్ద ఇళ్ళు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ లాంటివాళ్ళు మైలాపూరులో ఉంటే జూనియర్లు అక్కడికే పోయి పని నేర్చుకునేవారు. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1956 నవంబరులో, అది హైదరాబాదు పోయింది. మళ్ళీ 2019 జనవరి 1 నుంచి అమరావతి హైకోర్టు. ప్రతి బదిలీకీ ప్లీడర్లు బీరువాలు లారీకెక్కించి, కొత్త ఊళ్ళో అద్దె ఇల్లు వెతుక్కుని, ముందుగదిలో మళ్ళీ పుస్తకాలు సర్దుకున్నారు. ఈమధ్య బదిలీలో ఇల్లు పోయి అపార్టుమెంటు ఫ్లాటు వచ్చింది. ఫ్లాటుకి అరుగు లేదు. పార్టీలు లిఫ్టు దగ్గర నిలబడతారు.

పెద్ద లాయరు సంస్థలు మన దగ్గర ఆలస్యంగా పెరగడానికి ఒక చట్టపరమైన కారణం ఉంది. 1956 కంపెనీల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒక భాగస్వామ్యంలో ఇరవై మందికి మించకూడదు. న్యాయవాదుల సంస్థ కంపెనీగా నమోదు కాలేదు కాబట్టి ఇరవై దగ్గర ఆగిపోవాలి. 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్యాల (ఎల్.ఎల్.పి.) చట్టం, 2013లో కొత్త కంపెనీల చట్టం వచ్చాక ఆ గొళ్ళెం ఊడింది. 1917లో మొదలైన అమర్‌చంద్ మంగళదాస్ 2015లో అన్నదమ్ముల మధ్య రెండుగా చీలింది. డెల్టాలో గట్టు దావాలు చూసిన మనకి ఇది కొత్త కాదు. చీలినా చిన్నవి కాలేదు, రెండూ వందల మంది లాయర్లతో పెరిగాయి. అందులో సిరిల్ అమర్‌చంద్ మంగళదాస్, ఇంకా జె. సాగర్ అసోసియేట్స్ లాంటివి హైదరాబాదులో కూడా ఆఫీసులు తెరిచాయి. 1998లో సైబర్ టవర్స్ లేచిన తరవాత నగరం పడమటికి పెరిగినట్టే లాయరు ఆఫీసు కూడా హిమాయత్‌నగర్ ఇల్లు వదిలి జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ అంతస్తుల్లోకి ఎక్కింది.

ఆ అంతస్తుల్లో గదుల తీరు మనది కాదు, అమెరికాది. న్యూయార్కులో పాల్ క్రవత్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక పద్ధతి పెట్టాడు. లా స్కూళ్ళలో బాగా చదివిన కుర్రాళ్ళని తీసుకోవాలి, జీతమిచ్చి తర్ఫీదు చెయ్యాలి, ఏళ్ళ తరవాత కొందరిని భాగస్వాములు చెయ్యాలి. పద్ధతికి తగ్గట్టే గదులొచ్చాయి. కుర్రాళ్ళకి లోపలి గదులు, భాగస్వామికి కిటికీ గది, పెద్ద భాగస్వామికి రెండు పక్కలా కిటికీలున్న మూలగది. ఇంకోవైపు ఆఫీసు లోకమంతా గోడలు పడగొట్టుకుంటూ పోయింది. 1906లో బఫెలోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన లార్కిన్ భవనం నుంచి 1960ల నాటి హర్మన్ మిల్లర్ క్యూబికిల్ దాకా అది వేరే కథ. గోడ పడగొట్టిన ప్రతివాడూ మనుషులు కలిసి మాట్లాడుకుంటారనే చెప్పాడు, అద్దె మిగులుతుందని చెప్పినవాడు తక్కువ. లాయర్లు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు, చివరికి అద్దె ఒప్పించింది.

గోడలు తీస్తే నిజంగా మాటలు పెరుగుతాయా అని హార్వర్డ్‌కి చెందిన బెర్న్‌స్టీన్, టర్బన్ రెండు పెద్ద సంస్థల్లో పరిశీలించి 2018లో ప్రచురించారు. గోడలు తీశాక ఎదురెదురుగా మాట్లాడుకునే సమయం సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్ళు పెరిగాయి. ఆ ఫలితం మన అరుగు మీద కూర్చున్నవాళ్ళకి వింతగా తోచదు. అందరూ చూస్తుంటే అసలు మాట ఎవరూ అనరు, చీటీ రాసి ఇస్తారు.

ఇక హైదరాబాదు ఆఫీసులో గాజు గది. గాజు మందం, దాని మీద కళ్ళ ఎత్తులో అంటించిన మంచు పూతలాంటి పట్టీ, తలుపు కింద రబ్బరు అంచు. పట్టీ ఎందుకంటే బల్ల మీది కాగితం, తెర మీది అక్షరం బయటికి కనిపించకూడదు. గది లోపల ఎవరున్నారో మాత్రం తెలుస్తూనే ఉంటుంది. మన స్ప్రింగు తలుపు చేసిన దానికి ఇది సరిగ్గా తలకిందులు: కంటిని వదిలేసి చెవిని ఆపుతుంది. ఆపుతుందనే అనుకుంటాం. తొమ్మిదంగుళాల ఇటుక గోడ సున్నం పూతతో కలిపి శబ్దాన్ని ఆపే కొలతలో యాభై చుట్టూ తూగుతుంది. ఒంటి పలక గాజు, ఎంత మందమైనా, ముప్ఫైల్లోనే ఉంటుంది. అసలు దొంగదారి వేరే ఉంది. గాజు గోడ తప్పుడు సీలింగు దాకా వచ్చి ఆగిపోతుంది. సీలింగు పైన, శ్లాబు కింద, ఏసీ గొట్టాలు పరుచుకున్న ఖాళీ అన్ని గదులకీ ఒక్కటే. ఈ గదిలో అన్న మాట పైకెక్కి, ఆ ఖాళీలో నడిచి, పక్క గదిలో దిగుతుంది. గోడని శ్లాబు దాకా లేపకుండా ఎంత ఖరీదు గాజు పెట్టినా డబ్బు దండగ. కొత్తగా ఆఫీసు కట్టించుకునే మన ఊరి జూనియర్ లాయర్లు మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే చాలు.

గాజుకి ఒప్పుకోవడానికి న్యాయశాస్త్రంలోనే ఒక పాత సూత్రం ఆసరా ఉంది. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసు. ఆమె విదేశీయురాలు, నిర్బంధ చట్టం కింద తీహార్ జైల్లో ఉంది. లాయర్ని కలవాలంటే జిల్లా మేజిస్ట్రేటు అనుమతి కావాలి, కలిసేటప్పుడు కస్టమ్స్ అధికారి పక్కనుండాలి అన్నారు. జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఒప్పుకోలేదు. అధికారి చూడవచ్చు, మాటలు వినపడే దూరంలో మాత్రం ఉండకూడదంది. జైల్లో ఖైదీకి చెప్పిన ఈ కొలతే ఏ లాయరు గదికైనా చాలు. జైలు గదికీ, జూబ్లీహిల్స్ గాజు గదికీ సూత్రం ఒక్కటే అనుకుంటే కాస్త నవ్వొస్తుంది.

పెద్ద కంపెనీలో ఇంకో భయం ఉంది, అది చిన్న ఊరి ప్లీడరుకి లేదు. ఒక అంతస్తులో ఒక కంపెనీ కొనుగోలు కాగితాలు తయారవుతుంటాయి. పై అంతస్తులో అదే కంపెనీ పోటీదారుకి సలహా నడుస్తుంటుంది. మధ్యలో కార్డు గీస్తే తప్ప తెరుచుకోని తలుపులు, ఫైళ్ళకి వేరు తాళాలు. అమెరికాలో డార్సీ అండ్ విట్నీ అనే సంస్థలో జేమ్స్ ఓహేగన్ అనే భాగస్వామి ఉండేవాడు. 1988లో తమ సంస్థ క్లయింటు పిల్స్‌బరీ కంపెనీని కొనబోతోందని తెలిసి ముందే ఆ షేర్లు కొని 43 లక్షల డాలర్లకి పైగా గడించాడు. ఆ కేసు పని ఆయనది కాదు. 1997లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి దోషమేనని తేలింది. ఇక్కడ సెబీ 2015 నియమాల ప్రకారం ఇలాంటి రహస్యం ఎవరెవరికి తెలుసో పేర్లతో డిజిటల్ చిట్టా ఉంచాలి, లాయర్ల సంస్థలకీ ప్రవర్తనా నియమావళి ఉండాలి. ఓహేగన్‌ని గాజు ఆపలేదు, ఇటుక కూడా ఆపేది కాదు. ఎవడు అరుగు మీద ఉన్నాడో చూసుకునే గుమస్తా పని ఇప్పుడు కంప్యూటరుకి అప్పగించారు, అంతే.

2024 జులై 1 నుంచి సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. 126, 127 కలిసి 132వ సెక్షన్ అయ్యాయి. గుమస్తా అందులో కూడా ఉన్నాడు. 2025లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ఇద్దరు సీనియర్ న్యాయవాదులకి సమన్లు పంపడంతో వివాదం రేగింది. అక్టోబరు 31న సుప్రీంకోర్టు, ఆ సెక్షన్‌లోని మినహాయింపులు వర్తిస్తే తప్ప దర్యాప్తు అధికారులు కక్షిదారు సంగతుల కోసం లాయర్ని పిలవకూడదని, అప్పుడు కూడా పై అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలని చెప్పింది. లాయరు ఫోను, లాప్‌టాప్ కావాల్సి వస్తే కోర్టు ముందే తెరవాలంది. కంపెనీ జీతం మీద పనిచేసే లాయర్లకి మాత్రం 132వ సెక్షన్ గొడుగు లేదు.

ఇంతా జరిగాక రేపల్లెకో బాపట్లకో వాయిదాకి వచ్చిన మనిషి పరిస్థితి ఏమిటి? రేపల్లె దగ్గరి నగరం నుంచి ఆటోలో వచ్చిన కోడలు మనోవర్తి కేసులో తన లాయరుతో మాట్లాడాలి. ఇంటి దగ్గర ఆఫీసులో అయితే సర్దుకుంటుంది. కోర్టులో అయితే వరండా స్తంభం పక్కన, లేదా చెట్టు కింద, పది అడుగుల దూరంలో అత్తవారి తరఫు మనుషులు నిలబడి ఉండగా మాట్లాడాలి. ఎంత భరణానికి ఒప్పుకుంటుంది, సాక్షి ఎవరు, ఏ కాగితం దొరకలేదు అన్నది అక్కడే తేలాలి. లోపల నుంచి కేసు నంబరు పిలుస్తారన్న కంగారు ఒకటి. చట్టం ఆమె మాటకి కాపలా పెట్టింది, భవనం మాత్రం పెట్టలేదు. పక్కన సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజు లేఖరుల దగ్గరైతే ఇంకా బట్టబయలు.

హైదరాబాదులో కంపెనీకి దొరికే గది తెనాలి కోర్టులో ఆడమనిషికి దొరక్కపోవడం డబ్బు సమస్య కాదు. కోర్టు భవనం ప్లాను గీసేటప్పుడు జడ్జీగారి చేంబరు, ఆఫీసు, రికార్డు గది, బార్ అసోసియేషన్ హాలు గుర్తొస్తాయి. పార్టీ, లాయరు కూర్చుని మాట్లాడుకునే గది మాత్రం గుర్తు రాదు. పదడుగుల గది ఒకటి, శ్లాబు దాకా ఇటుక గోడ, మామూలు చెక్క తలుపు, తలుపులో చిన్న గాజు పలక, ఒక బల్ల, మూడు కుర్చీలు. ఏసీ అక్కర్లేదు, ఫ్యాను మోత ఉంటే ఇంకా మంచిది. తెనాలి, రేపల్లె, బాపట్ల బార్ అసోసియేషన్‌లు తమ తమ కోర్టుల్లో ఇలాంటి గదికి చోటుందో లేదో ఒకసారి చూడాలి. లేకపోతే ఉన్న హాలులోనే ఒక మూల కట్టించుకోవాలి, కొత్త భవనాలకి ప్లాను దశలోనే జిల్లా జడ్జీగారిని రాతపూర్వకంగా అడగాలి. మండల న్యాయసేవా కమిటీలు పేదవాళ్ళకి లాయర్ని ఎలాగూ ఇస్తున్నాయి. ఆ లాయరుతో మాట్లాడే చోటు కూడా ఇమ్మని వాళ్ళని అడగొచ్చు.

చదివేవాళ్ళలో కేసు నడుస్తున్నవాళ్ళుంటే ఒక్క మాట. ఆ గుట్టు మీ ప్లీడరుది కాదు, మీది. మీరు ఒప్పుకుంటే తప్ప ఆయన బయటపెట్టడానికి వీల్లేదు. కాబట్టి ఈసారి ఆఫీసుకి వెళ్ళినప్పుడు, బెంచీ మీద జనం ఉంటే, "అయ్యా, కాస్త తలుపు వేయించండి" అని అడగండి. వరండాలో అయితే, పదడుగులు పక్కకి రమ్మనండి. మొహమాటపడొద్దు.